డిస్కు తనిఖీ, దవడ పన్ను

పళ్ల ఆసుపత్రిలో ఒక గది. కుర్చీలో వెనక్కి వాలిన పెద్దాయన, పక్కన డాక్టరమ్మ, బల్ల మీద కంప్యూటరు. మూడో మనిషి కూడా వస్తాడు గాని, ఫోనులోంచి వస్తాడు.

"అంచేత నన్ను సముదాయించే పని పెట్టుకోకు డాక్టరమ్మా. మత్తుసూది అన్న మాటే వినకుండా నాలుగు పళ్లు పీకించుకున్న మనిషిని. నాలుగూ నిలబడే. ఒక్కదానికీ కుయ్యిమనలేదు."

"సరే తాతగారూ. మరి ఆ కుర్చీ చెయ్యి వదలండి. రెక్సిన్ చిరిగేలా ఉంది."

"పట్టుకున్నానా? ఊరికే ఆనించానంతే."

"మత్తు ఎక్కిందా? కుడి దవడ ఎలా ఉంది?"

"ఎవరిదో దవడ తెచ్చి నాకు తగిలించినట్టుంది. పెదవి ఉందో లేదో తడిమి చూసుకోవాల్సి వస్తోంది."

"అయితే ఎక్కింది. ముప్పావు గంట ఉంటుంది. ఈలోగా ఎక్స్‌రే బొమ్మ తెరుచుకుంటే వేరు ఎలా ఉందో చూసి, పీకాలో అక్కర్లేదో... ఇదేంటి, ఇంకా తిరుగుతూనే ఉంది."

"ఏది?"

"తెర మీద ఆ గుండ్రం. మీ పంటి బొమ్మ తెరవమని నొక్కి పది నిమిషాలైంది."

"తిరగనీ అమ్మా. తొందరేముంది."

"తొందర మీకే. మత్తు దిగిపోతే మళ్లీ సూది."

"మళ్లీనా?"

"మళ్లీనే. ఉండండి, కంప్యూటర్లు బాగుచేసే ఆయనకి ఫోన్ చేస్తాను. గ్లవ్స్ ఉన్నాయి, స్పీకర్లో పెడతాను. హలో, నేను పళ్ల డాక్టర్ని."

"చెప్పండి మేడమ్. మళ్లీ ప్రింటరేనా?"

"ప్రింటర్ కాదు. ఏదీ తెరుచుకోవట్లేదు. మెమరీ తొంభై ఏడు శాతం వాడకం అని చూపిస్తోంది. కుర్చీలో మనిషి ఉన్నారు, మత్తు కూడా ఇచ్చేశాను."

"ఏ ప్రోగ్రాం తింటోందో చూడండి. వరసలో అన్నిటికన్నా పైన ఉంటుంది పేరు."

"డిస్కు చెక్. డిస్కు తనిఖీ అన్నమాట. నేను పెట్టలేదే దీన్ని."

"దానంతటది మొదలవదు మేడమ్. డిస్కులో ఏదో తేడా కనిపిస్తే, తనిఖీ చేసి బాగుచెయ్యనా అని అడుగుతుంది. ఎవరో ఒకరు అవునంటేనే పని మొదలుపెడుతుంది."

"ఎవరంటారండీ? గదిలో నేనూ ఈయనా తప్పితే... తాతగారూ."

"అమ్మా."

"నేను చేతులు కడుక్కోవడానికి వెళ్లినప్పుడు మౌస్ ముట్టుకున్నారా?"

"ముట్టుకోవడమంటే... అది అడిగిందమ్మా."

"ఏమని?"

"మర్యాదగానే అడిగింది. ఒకసారి చూసి, ఏమన్నా చెడిపోయి ఉంటే బాగుచెయ్యమంటారా అని. గదిలో చూస్తే ఇంకెవరూ లేరు. ఒకరు అడిగాక జవాబు చెప్పకుండా గోడకేసి చూస్తూ కూర్చోవడం నాకు రాదు. అవునన్నాను."

"నా కంప్యూటర్లో మీరు అవునన్నారు."

"కాదంటే ఏమనుకునేదో."

"ఏమండీ, దీన్ని ఆపెయ్యనా?"

"వద్దు మేడమ్, వద్దు. బాగుచేస్తుండగా మధ్యలో ఆపితే ఉన్నవి చెడొచ్చు. అందరి ఎక్స్‌రేలూ అందులోనేగా?"

"ఆరేళ్లవి."

"ఇంకో కాపీ ఎక్కడైనా ఉందా?"

"కాపీ పెడతానన్నది మీరు."

"పెడతాను మేడమ్. వచ్చే వారం."

"అది తర్వాత చూద్దాం. ఒక డిస్కుని చూడ్డానికి ఇంత మెమరీ ఎందుకు తింటోంది? అదీ పాడైందా?"

"పాడవలేదు. దాన్ని తయారుచెయ్యడమే అలా చేశారు. బాగుచెయ్యమని చెప్తే చాలు, ఎంత జాగా ఖాళీగా కనిపిస్తే అంతా తీసేసుకుంటుంది. జాగా ఎక్కువుంటే పని త్వరగా అవుతుందని."

"త్వరగా అవుతుందా?"

"అవుతుంది. అయ్యేదాకా ఇంకెవరూ ఏ పనీ చేసుకోలేరు, అంతే. మీరోటి చెయ్యండి, మిగతావన్నీ మూసేసి చూడండి."

"అపాయింట్‌మెంట్లు మూశాను. మందుల జాబితా మూశాను. బయట కూర్చున్నవాళ్ల కోసం పాటలు పెట్టాను, అవీ ఆపాను. ఆ, తొంభై ఒకటికి దిగింది."

"చూశారా."

"తొంభై మూడు. తొంభై ఆరు. మళ్లీ తొంభై ఏడు."

"ఖాళీ కనిపించింది కదా మేడమ్ దానికి."

"నేను ఖాళీ చేసింది పంటి బొమ్మ కోసం."

"ఆ సంగతి దానికి తెలీదు."

"మీరే అక్కణ్నుంచి చూడలేరా?"

"చూస్తాను. నా ప్రోగ్రాం ఒకటి ఉంది మీ దాంట్లో, అది తెరిస్తే ఇక్కడ నాకు మీ తెర కనిపిస్తుంది."

"తెరుచుకోవట్లేదు."

"ఎందుకు తెరుచుకోవట్లేదో చూడాలంటే అది తెరవాలి మేడమ్."

"వింటున్నారా తాతగారూ?"

"వింటున్నాను. ముప్పై రెండేళ్ల కిందట విన్న మాటలే. ఆ మనిషి మళ్లీ వచ్చాడనిపిస్తోంది."

"ఏ మనిషి?"

"తనిఖీ దొర. నేను నీళ్ల సరఫరా ఆఫీసులో గుమాస్తాగా చేశానని చెప్పానా?"

"చెప్పలేదు. ఇప్పుడు చెప్పకపోయినా..."

"ఏ వీధిలో ఏ గొట్టం ఎప్పుడు వేశారో ఆ ఫైళ్లన్నీ మా దగ్గరే. అవి సరిగ్గా ఉన్నాయో లేదో చూడమని పైనుంచి ఒకాయన్ని పంపారు. సన్నగా వెదురుబద్దలా ఉన్నాడు. చేతిలో చిన్న సంచి. ఒక్క బల్ల చాలన్నాడు. పాపం అనుకున్నాం."

"మేడమ్, నేను ఫోన్ పెట్టెయ్యనా?"

"మీరు పెట్టెయ్యకండి. నన్ను ఈయనతో వదిలేసి పోతే ఊరుకోను."

"విను నాయనా, నీకూ పనికొస్తుంది. మా హెడ్డు గుమాస్తా మంచినీళ్లు తాగడానికి లేచాడు. తిరిగొచ్చేసరికి ఆయన బల్ల నిండా ఫైళ్లు పరిచి ఉన్నాయి. ఇదేంటండీ అంటే, ఖాళీగా కనిపించింది, పని త్వరగా అవుతుందని అన్నాడు తనిఖీ దొర. సాయంత్రానికి లేచినవాడి బల్ల లేచినట్టే పోయింది. మర్నాటి నుంచి లేవడం మానేశాం. ఎంతసేపని లేవకుండా కూర్చుంటాం? మనుషులం."

"అచ్చం అంతే మేడమ్. ఇది కూడా అచ్చం అంతే."

"మీరు కూడా మొదలుపెట్టారా?"

"మాట తుంచకమ్మా. సరే, మన పనైనా మనం చేసుకుందామని పక్క వీధి దర్జీని బతిమాలి, బట్ట కత్తిరించే బల్ల మోసుకొచ్చాం. నలుగురం మోశాం. దించి నడుం తిప్పుకునే లోపల దాని మీద కూడా పరిచాడు. క్షౌరశాల నుంచి రెండు కుర్చీలు తెచ్చాం, అవీ పోయాయి. మేం తెచ్చిన కొద్దీ ఆయనకి పని పెరిగింది. ఈలోగా పెద్ద వీధిలో గొట్టం పగిలింది. నీళ్లు మెట్లెక్కి ఆఫీసులోకి వస్తున్నాయి. ఫిర్యాదు రాసుకుందామంటే బల్ల లేదు. ఫిర్యాదు ఇచ్చే ఆయన తడవకుండా కాళ్లు పైకి పెట్టుకుందామంటే కుర్చీ లేదు."

"తాతగారూ, మత్తు సగం నోటికే ఇచ్చాను. మిగతా సగంతోనే ఇంత మాట్లాడుతున్నారు."

"ఆఖరికి నన్ను పిలిచి వంగమన్నాడు."

"ఎందుకు?"

"నా వీపు ఖాళీగా ఉందట. మూడు ఫైళ్లు పెట్టాడు. రెండు రోజులు అలాగే ఉన్నాను."

"రెండు రోజులు వంగే ఉన్నారా?"

"మధ్యలో భోజనానికి లేచాను. అబద్ధం ఎందుకు చెప్పాలి."

"తర్వాత ఏమైంది పెద్దాయనా? ఏమన్నా దొరికిందా ఆయనకి?"

"ఏం లేదు నాయనా. పదకొండో రోజున రిపోర్టు రాశాడు. గొట్టాల ఫైళ్లన్నీ సక్రమంగా ఉన్నాయి. సిబ్బంది మాత్రం ఒక్కరూ తమ బల్లల దగ్గర లేరు, అని."

"బాగుంది. ఇక్కడా రిపోర్టు అలాగే వస్తుందేమో. ఎంతయిందో చూద్దాం. పదకొండు శాతం. ఇంకా రెండు గంటలట. ఇందాక నలభై నిమిషాలంది."

"నడిచిన కొద్దీ ఊరు దూరం జరుగుతోందన్నమాట. అయితే నేను లేస్తానమ్మా. ఇంకో రోజు తీరిగ్గా వస్తాను. నాకో చీటీ రాసివ్వు చాలు."

"ఏం చీటీ?"

"చూశాను, పన్ను రాయిలా ఉంది, భయం లేదు అని. కింద నీ సంతకం. చీటీ లేకుండా గుమ్మంలోకి రావద్దంది మా ఆవిడ."

"చూడకుండా రాయిలా ఉందని ఎలా రాస్తాను?"

"బొమ్మ తెరుచుకుంటే నువ్వే రాసేదానివి. నాకు తెలుసు."

"మీకెలా తెలుసు? నాలుగు రోజులుగా మీకు తిండి లేదు, మీ మూలుగుడికి ఇంట్లోవాళ్లకి నిద్ర లేదని మీ ఆవిడే ఫోన్ చేసి చెప్పారు."

"మూలిగిన మాట నిజమే. కాదనను."

"పొద్దున మీరే వేలు పెట్టి చూపించారు. కుడివైపు, కింద, చివరి నుంచి రెండోది. ఇక్కడే పోటు అన్నారు."

"అన్నాను."

"మరి ఇంకేం. మా నాన్నగారు నలభై ఏళ్లు బొమ్మల్లేకుండానే పీకారు. తట్టి చూసేవారు, మనిషిని అడిగేవారు, పీకేవారు. నేనూ ఈవేళ అంతే చేస్తాను. బయట ఆరుగురు కూర్చున్నారు, రెండు గంటలు ఆగలేను. కొంచెం తట్టి చూస్తాను."

"అమ్మా, అమ్మా, అమ్మా."

"ఏమైంది?"

"నొప్పి."

"మత్తిచ్చిన పన్ను తాతగారూ అది. సుత్తితో కొట్టినా తెలియకూడదు."

"నువ్వు తట్టావు కదా అని, గౌరవం కొద్దీ అన్నాను."

"మీరు ఒక్క మాట చెప్పండి. ఇదేనా పన్ను? మీ మాట మీద పోతాను."

"నా మాట మీదా? నా మాట మీద ఇంతవరకూ ఎవరూ ఏ పనీ చెయ్యలేదమ్మా. కావాలంటే మా ఆవిణ్ని అడుగు. కూరలో ఉప్పు సరిపోయిందని నేనంటే ఆవిడ ఇంకోసారి రుచి చూస్తుంది. ఏం నాయనా, ఫోనులో ఉన్నావా?"

"ఉన్నాను పెద్దాయనా."

"ఆ తనిఖీని ఏదన్నా బుజ్జగించి కొంచెం జాగా ఇప్పించలేవా? ఒక్క పన్నుకి. పెద్ద బొమ్మ కూడా కాదు. చిటికెన వేలి గోరంత."

"ఇందాక అవునన్నప్పుడు ఆలోచించాల్సింది."

"అప్పుడు నాకేం తెలుసు? కాసేపు ఆలస్యం అవుతుందని, ఈలోగా డాక్టరమ్మకి వేరే పని తగులుతుందని అనుకున్నాను గాని, నా బొమ్మనే మూసి కూర్చుంటుందని అనుకోలేదు."

"అంటే కావాలనే నొక్కారా?"

"సగం మర్యాదకి, సగం కావాలని."

"నాలుగు పళ్లు నిలబడి పీకించుకున్న మనిషి."

"పీకించుకున్నాను, అందులో మాట తప్పేది లేదు. ఏడేళ్లప్పుడు. పాలపళ్లు. నాలుగూ అప్పటికే తలుపు గొళ్లెంలా ఊగుతున్నాయి. ఒకటైతే మా అమ్మ మూతి తుడుస్తుంటే తువ్వాలులోకి వచ్చేసింది."

"నిలబడే కదా?"

"నిలబడే. కూర్చోమంటే పారిపోయేవాణ్ని."

"మేడమ్, నవ్వానని ఏమీ అనుకోకండి. పన్నెండు శాతం అయ్యుంటుంది ఈపాటికి, చూడండి."

"పన్నెండే. మెమరీ తొంభై ఎనిమిది. ఇంకో శాతం ఎక్కడ దొరికిందో దీనికి. చాలు. మత్తు దిగే వేళ అవుతోంది. తాతగారూ, నోరు తెరవండి."

"ఆ చేతిలోది ఏంటి?"

"పట్టకారు. తెరవండి."

"బొమ్మ లేకుండానే?"

"బొమ్మ లేకుండానే. మీకు నొప్పి ఉంది, చోటు మీరే చూపించారు, ఇంకేం కావాలి? పెద్దగా తెరవండి."

"ఒక్క మాట చెప్పి తెరుస్తాను."

"పీకాక చెప్పండి."

"పీకాక చెప్తే బాగుండదమ్మా. నీకూ బాగుండదు."

"సరే. ఒక్కటే. చెప్పండి."

"తనిఖీ దొర సంగతి నమ్మావా?"

"వీపు మీద ఫైళ్లు మాత్రం నమ్మలేదు."

"అది నిజం. నా నడుం చూడు, ఇప్పటికీ పూర్తిగా నిలబడదు. దర్జీ బల్ల నిజం, మెట్లెక్కిన నీళ్లు నిజం. మూలుగుడు నిజం. చీటీ లేకుండా రావద్దన్నది నిజం. పాలపళ్లయితే ఒప్పేసుకున్నాను కూడా. పొద్దుట్నుంచి నేను నీతో చెప్పినదాంట్లో అల్లింది ఒక్కటంటే ఒక్కటే."

"ఏదండీ?"

"కుడివైపు అన్నానే, అది."