కత్తెరత్త గోడ మీది సుద్ద గీతలు

అమ్మలారా, అక్కలారా, పని ఆపి వచ్చిన అన్నలారా!

ఈ కుట్టు షెడ్డులో పన్నెండు మిషన్లూ ఒకేసారి ఆగడం నేనెప్పుడూ చూడలేదు. ఇవాళ ఆగాయి. మనందరికీ గుడ్డ కత్తిరించి పెట్టే కత్తెరత్త ఇక లేదు. నన్ను మాట్లాడమన్నారు. నాకు మెల్లగా మాట్లాడటం రాదని మీకు తెలుసు, ఓర్చుకోండి.

ముందు ఒక మాట తేల్చేద్దాం. ఇందాక గుమ్మం దగ్గర ఎవరో అన్నారు, 'ఆ జబ్బే తీసుకుపోయింది పాపం' అని. ఎవరండీ అన్నది? ఆమెను తీసుకుపోయింది డెబ్భై నాలుగేళ్లు కొట్టుకుని అలసిన గుండె. రొమ్ము క్యాన్సర్ వచ్చింది పద్దెనిమిదేళ్ల కిందట. తొలిదశలోనే పట్టుకున్నారు, వైద్యం చేశారు, నయమైంది. ఆ తర్వాత ఇన్నేళ్లూ ఈ బల్ల దగ్గర నిలబడి గుడ్డ కత్తిరించింది. మన పొగరు కూడా కత్తిరించింది. నాదైతే రోజుకు రెండుసార్లు!

ఆ ఆపరేషన్ కబురు ఆమె ఎంత నవ్వుతూ చెప్పేదో గుర్తుందా? అందరికీ కొలిచి కుట్టే మనిషి, తను మాత్రం వెనక హుక్కుల జాకెట్టు వేసుకుని ఆసుపత్రికి వెళ్లింది. గడ్డ తీశారు. చంకలో గ్రంథులు తీశారు. లోపల ఊరే నీరు బయటికి పోవడానికి ఒక సన్నని గొట్టం, దాని చివర చిన్న డబ్బా పెట్టారు. ఇంటికి బయలుదేరేసరికి చెయ్యి వెనక్కి పోదు. డబ్బాకి చోటు లేదు. 'ముప్పై ఏళ్ల పనితనం ఒక్క హుక్కు దగ్గర బోర్లా పడిందిరా' అనేది.

చెయ్యి కాస్త కదలగానే ఏం చేసింది? ముందు బొత్తాలతో, లోపల ఆ డబ్బాకి జేబుతో ఒక వదులు జాకెట్టు కుట్టింది. అప్పటినుంచీ ఆపరేషన్‌కి వెళ్లే ప్రతి ఆడమనిషికీ అదే కుట్టిచ్చింది. జేబు ఎటు రావాలో గుడ్డ మీద సుద్దతో రాసుకునేది, ఎడమ అనో కుడి అనో. పేరు మాత్రం ఎప్పుడూ రాయలేదు.

ఇక నా తప్పు చెప్పాలి. చెప్పమని ముందు వరసలో కూర్చున్న మా అక్కే అంది.

నాలుగేళ్ల కిందట నేనొక కరపత్రం వేశాను. నాకు ఆ పేరే మిగిలింది కదా, కరపత్రం! జనాన్ని కుదిపి లేపాలని రాశాను. రొమ్ము మొత్తం కోసేస్తారు, జుట్టంతా ఊడిపోతుంది, మేలుకోండి అని ఎర్ర అక్షరాల్లో వేశాను. నాలుగు చిన్న పుస్తకాలు చదివి అంతా తెలుసనుకున్నాను. అది చదివి ఎవరు మేలుకున్నారు? ఎవరూ లేరు. భయపడింది మాత్రం ఒకరున్నారు. మా అక్క. ఆమెకు అప్పటికే గడ్డ తగిలింది. నా కాగితం చదివి రెండు నెలలు దాచింది. నా కాగితం!

కనిపెట్టింది కత్తెరత్త. కొలత తీస్తుంటే అక్క చంక బిగించిందట. టేపు అక్కడే ఆపి, 'ఎన్నాళ్లయిందే?' అంది. అంతే.

తర్వాత ఇదే బల్ల మీద కూర్చోబెట్టి చెప్పింది. 'చిన్న గడ్డయితే చాలామందికి గడ్డ మేరకే తీస్తారే. తర్వాత రేడియేషన్ ఉంటుంది. కొన్ని వారాలు, వారానికి ఐదు రోజులు, కదలకుండా పడుకోవడమే. కిరణాలు తగిలేటప్పుడు నొప్పి ఉండదు. పోనుపోను చర్మం ఎండకి కమిలినట్టవుతుంది, ఒళ్లు అలిసిపోతుంది. పడుకో, సిగ్గుపడకు. కీమో అందరికీ ఉండదు, గడ్డని పరీక్ష చేసి చెబుతారు. మాత్రలిస్తే ఏళ్ల తరబడి మింగాలి. ఒంట్లో ఆవిర్లు లేస్తాయి, అప్పుడు నన్ను తిట్టుకో. తెలియనిది డాక్టర్ని అడుగు. మీ తమ్ముణ్ని మాత్రం అడక్కు.'

నా కరపత్రం వెనక్కి తిప్పి దాని మీదే జాకెట్టు కొలతలు రాసింది. 'ఇప్పటికి పనికొచ్చిందిరా' అంది. నాకు ఒళ్లు మండింది. ఆ రోజు మండిన నాకే ఇవాళ ఆ మాట ఇంకోసారి వినాలనుంది.

ఈ గోడ చూడండి. ఆపరేషన్ తర్వాత చెయ్యి బిగుసుకుపోకుండా వేళ్లతో గోడ పాకాలన్నారు డాక్టర్లు. ఎంతవరకు పాకితే అంతవరకు అత్త సుద్దగీత గీసేది. అదిగో, భుజం ఎత్తున మా అక్క మొదటి గీత. దాన్నుంచి జానెడు పైకెక్కడానికి మూడు వారాలు పట్టింది. వాటి మీద సున్నం వేయిస్తామని ఎవరైనా అన్నారో, నాతో తలపడాలి!

చివరి మాట. నిన్న అత్త బల్ల మీద కత్తిరించిన గుడ్డ ఒకటి కనబడింది. ముందు బొత్తాలకి పట్టీ ఉంది, లోపలి జేబు ఉంది. సుద్దతో 'ఎడమ' అని రాసుంది. పేరు లేదు. అది ఎవరికోసమో ఆమెకు, ఆ కొలతలిచ్చిన మీకు తప్ప ఎవరికీ తెలియదు. అవును, మీకే చెబుతున్నాను. మీరు ఈ గదిలోనే ఉండొచ్చు. నేను వెతకను. ఎవరి ముఖంలోకీ చూడను. రేపు సాయంత్రానికల్లా మా అక్క దాన్ని కుట్టి ఆ గోడ పక్కన మేకుకి తగిలిస్తుంది. వచ్చి తీసుకోండి. ఆసుపత్రికి మాత్రం వాయిదా వెయ్యకండి. గోడ మీద మీకు చోటు ఉంచాం.

ఇప్పుడు అందరం లేచి, రెండు నిమిషాలు మాట లేకుండా నిలబడదాం. తలలు వంచకండి, ఆమెకు నచ్చేది కాదు. అన్నిటికంటే పైనున్న గీతకేసి చూడండి.

అది ఆమెదే.