ఒంటికి పడని దారం

ప్రొద్దుటూరు నర్సింగ్ హోంలో కట్లు కట్టే గది. బల్ల మీద పడుకున్నది సింధు. సిజేరియన్ అయి నలభై రెండు రోజులు. తల దగ్గర నిలబడింది ఆమె మొగుడి అక్క కమల. కట్టు విప్పుతున్నది నర్సు హఫీజా.

"వంకాయ తినింది సిస్టర్, ఇంకేం అడుగుతావు? గుత్తొంకాయ. నోరు కట్టుకోలేకపాయ, పుండు చీము పట్టె."

"నువ్వు పక్కకు జరుగక్కా, ఎలుతురుకు అడ్డమొస్తాండావు. సింధూ, నొప్పి యాడ? ఈడనా?"

"ఆడనే సిస్టర్. అబ్బా!"

"తినేటప్పుడు లేదే ఈ అబ్బా."

"వొదినా..."

"వొదినా గిదినా అనొద్దు. తిన్యానని నువ్వే ఒప్పుకుంటివి, నేను కల్పిచ్చి చెప్తాండానా?"

"ఒప్పుకుంటి గదా వొదినా. మళ్ళా మళ్ళా యాల?"

"సూడు సిస్టర్, మాట ఎట్లొస్తాదో. అమ్మ లేని పిల్ల అని జమ్మలమడుగులో నా ఇంట్లో పెట్టుకొని కాన్పు చేపిస్తి. నా తమ్ముడు కువైట్‌లో ఉండాడు, నేను తప్ప దిక్కెవురు? ఎల్లిపాయ కారం, బువ్వ. పూటకొక లోటా నీళ్ళు. ఏం తక్కువ చేస్తి?"

"లోటా నీళ్ళా! బాలింతకు? అందుకే మొగం ఇట్ల పాలిపోయింది. బిడ్డకు పాలు చాలతాండాయా సింధూ?"

"నేను ఇయ్యడంల్యా సిస్టర్."

"చీము పట్టినోళ్ళ పాలు ఎవురన్నా తాపుతారా? డబ్బా పాలు పోస్తాండా నేను. నా పక్కలోనే పండుకుంటాది. నన్ను చూస్తే నగుతాది గూడా, బంగారుకొండ."

"ఎన్నాళ్ళాయ ఇయ్యక?"

"ఇరవై మూడు దినాలు సిస్టర్. గోడ అవతల ఏడుస్తాంటాది. ఇంటాంటే రైక తడిసిపోతాది. పాలు పిండి మోరీలో పోస్తాంటి. ఇప్పుడు అవి గూడా తగ్గిపాయ."

"ఎత్తుకోనన్నా ఎత్తుకోనీరా?"

"పుండు ఆరినాక ఎత్తుకో అంటి. వద్దంటినా?"

"కదలొద్దు సింధూ. పట్టకారుతో లాగుతాండా. ఓర్చుకో... ఇంకొంచెం... ఆ, ఒచ్చె. చూడక్కా."

"ఏందది, పురుగా?"

"పురుగేంది! దారం. లోపల ఏసిన కుట్టు."

"కరిగిపోతాది అంటిరే?"

"ఇది నిదానంగా కరిగేది. కొత్త రకం, సాగుతాది. దగ్గినా, పొట్ట ఉబ్బినా సాగి, మళ్ళా మొదటికొస్తాది. కండను కోసుకోదు. శానామందికి మేలే. ఎవురో ఒకరిద్దరి ఒంటికి పడదు. కంట్లో నలక పడితే కన్ను ఊరుకుంటాదా? నీళ్ళు కార్చి తోసేస్తాది. ఒళ్ళు గూడా అంతే, చీము పోసి ఈ దారాన్ని బయటికి తోస్తాండాది. ఇంకో ముడి ఉండాది, అదీ తీస్తే పది దినాల్లో మానిపోతాది."

"మరి వంకాయ?"

"వంకాయకూ దీనికీ ఏం సంబంధమక్కా! నా కాన్పైన వారానికే మా అత్త బగారా బైంగన్ చేసి పెట్టె, అదీ వంకాయ కూరనే. నాకేమాయ? గుండ్రాయి మాదిరి ఉండా."

"పాలు?"

"చీము యాడ, పాలు యాడ! ఇంటికి పోతానే బిడ్డను రొమ్ముకు ఎయ్యి సింధూ. మొదట పట్టుకోకపోయినా ఇడిచిపెట్టొద్దు. చప్పరిస్తాంటే మళ్ళా ఊరతాయి."

"నిజమా సిస్టర్? ఈ పొద్దే ఇయ్యొచ్చా? వొదినా, ఇంటివా? ఈ పొద్దే అంట!"

"ఇంటి."

"డాక్టరమ్మతో రాపిచ్చి ఇస్తానక్కా. మీ తమ్మునికి గూడా సూపియ్యి."

"ఎందుకులేమ్మా. నాకు కండ్లు ల్యావా, దారం కనపడతానే ఉండాది. సింధూ, అయితే నువ్వు వంకాయ తినలేదు."

"తినలే వొదినా. మొదుట్నుంచీ అదే మొత్తుకుంటాంటి, నువ్వు ఇనకపోతివి."

"ఒక ముక్క గూడా?"

"మెతుకంత గూడా తినలే."

"మరి ఆ పొద్దు దీపం ముందర, బిడ్డ నెత్తిన చెయ్యి పెట్టి తిన్యానంటివే?"

"నువ్వే గదా వొదినా... ఒప్పుకుంటే బిడ్డనిస్తా అంటివి. నాలుగు దినాలు అడిగిందే అడిగితివి. గోడ అవతల బిడ్డ గుక్కపెట్టి ఏడుస్తాండె. ఏం చేస్తును? అందుకని అంటి."

"అట్ల అడిగితే నేనైనా ఒప్పుకుంటానక్కా, పాపం ఈ..."

"నువ్వుండు సిస్టర్. సింధూ, ఇటు చూడు. తినలేదు గదా?"

"తినలే వొదినా. నా మాట నమ్ము."

"నమ్మితిలే. సిస్టర్, నువ్వు సాక్షి, తమ్ముడు ఫోన్ చేస్తే ఇదే చెప్పు. నిజంగా తినింటే, పాపం నోరు కట్టుకోలేకపాయ అని ఈ పొద్దే బిడ్డను ఇచ్చిందును. కన్నబిడ్డ నెత్తిన చెయ్యి పెట్టి అబద్ధం చెప్పినదాని చేతికి ఇంక యా నమ్మకంతో ఇయ్యాల?"