నాలుగు గంటల కుస్తీ

దోహాలో ఒక ఆసుపత్రి, ఎముకల వార్డు. శనివారం మధ్యాహ్నం. మంచం మీద తిరుమల్, కుడి భుజానికి పెద్ద కట్టు. పక్కన కుర్చీలో సుధాకరరావు, ఒళ్ళో ఒక ఫారం, ఒక స్టీలు డబ్బా.

"అది సరే గానీ తిరుమల్, చిన్నప్పటినుంచీ నాకో సందేహం ఉండిపోయింది. టీవీలో తెల్లవాళ్ళ కుస్తీలు వచ్చేవి చూడు. అవి నిజంగా కొట్టుకోవటమేనా, ముందే మాట్లాడుకుని పడతారా? ఎవర్నడిగినా నవ్వేవాళ్ళు."

"నన్నెందుకు అడుగుతున్నరు సార్?"

"ఏడేళ్ళుగా ఒక కుస్తీ చాంపియన్‌కి స్నానం చేయిస్తున్నవాడివి. నిన్ను కాక ఎవర్నడగను?"

"నాకు తెల్వది."

"తెలియదా?"

"తెల్వది సార్. ఆ డబ్బల ఏముంది?"

"పులిహోర. శనివారం కదా, మా ఆవిడ వేదవతి స్వామికి నైవేద్యం పెట్టి పంపింది. తీసుకో."

"ఎట్ల తీసుకోను? కుడిచెయ్యి కట్టేసిండ్రు. ప్రసాదం ఎడమచేత్తోని తింటమా?"

"అవును కదూ. నోరు తెరువు."

"అయ్యో, వద్దు సార్. మీరు ఆఫీసుల అంత పెద్ద..."

"తెరవవయ్యా. ఊఁ. ఇప్పుడు చెప్పు. మొన్న గురువారం మీ పెద్దాయన ఉండే అల్ ఘర్రాఫా విల్లాలో ఏం జరిగింది?"

"పడ్డ సార్."

"ఎలా?"

"పడ్డ. గంతే. పులుపు మంచిగ పట్టింది సార్, పులిహోరకు."

"తిరుమల్, నేను పులిహోర తినిపించటానికి రాలేదు. మా మేనేజరు పంపాడు. ఆయనే మీ పెద్దాయన ఆర్థర్ గారి కొడుకు. హాల్లో కెమెరా ఉంది. ఆ వీడియో ఆయనా చూశాడు, నేనూ చూశాను."

"చూసిండ్రా?"

"మూడుసార్లు. ఆర్థర్ గారు నీ చెయ్యి పట్టుకున్నారు. నీ నడుం కింద భుజం పెట్టారు. నువ్వు గాల్లోకి లేచి, ఆయన వీపు మీదుగా వెళ్ళి సోఫా అవతల పడ్డావు."

"కెమెరా మంచిదే."

"వేళాకోళం కాదు. ఈ ఫారంలో రెండే గడులు ఉన్నాయి. పెద్దాయన పడేశారు అని రాస్తే నీ ఆపరేషనూ, జీతంతో సెలవూ, వేరే డ్యూటీ, అన్నీ కంపెనీ చూస్తుంది. కానీ ఆయన్ని సోమవారం ఇంగ్లండు పంపేస్తారు. మతి తప్పి మీదపడే ముసలివాళ్ళని తాళం వేసి ఉంచే చోటికి. నీ తప్పువల్ల పడ్డావని రాస్తే నీ వీసా రద్దు."

"మూడో గడి లేదా?"

"లేదు."

"కుర్చి తట్టుకొని పడ్డ అని రాయుండ్రి."

"కుర్చీ తట్టుకున్నవాడు పైకి లేస్తాడా? అయినా నాచేత అబద్ధం రాయించకు నాయనా. పొద్దున్నే దీపం పెట్టి వచ్చాను."

"ఆయన ఎవలనీ కొట్టేటోడు కాదు సార్. అదే ఆయనకు నష్టమైంది. నాలుగేండ్లు చాంపియన్ బెల్టు ఆయన నడుముకే ఉండె. ఎవలకన్న యాదికున్నడా? లేడు. పోస్టర్ల మీద వేరేటోళ్ళ బొమ్మలు. ఈయన ఒర్రడు, తిట్టడు, దొంగదెబ్బ కొట్టడు. ఎదుటోనికి దెబ్బ తాకితే, నాకు ఈ గెలుపు వద్దు అని చెయ్యి కలిపి దిగిపోతడు. గసొంటోన్ని ఎవలు చూస్తరు?"

"టీవీలో వచ్చేవారా?"

"శనివారం నాలుగు గంటలకు. ఊరూరికి టౌను హాళ్ళల్ల పెడుతుండిరట. ముందు వరుసల ముసలవ్వలు కూసుండి, మోసం చేసేటోన్ని హ్యాండ్‌బ్యాగులతోని కొడుతుండిరట."

"హ్యాండ్‌బ్యాగులతోనా!"

"గొడుగులతోని గుచ్చుతుండిరట గూడ. ఈయనను ఒక్కనాడు గుచ్చలే. అది చెప్పుకుంట నవ్వుతడు, మళ్ళ మొఖం చిన్నగ చేసుకుంటడు. 'నన్ను ఒక్క అవ్వ గూడ కొట్టలేదు తిరూ, అందుకే మర్చిపోయిండ్రు' అంటడు."

"కొడుక్కి తెలుసా ఇవన్నీ?"

"చిన్న సారు ఇనడు. బెల్టు పోయిన కుస్తీ ముచ్చట తీస్తే అసలే ఇనడు. మా నాన్న ఓడిపోయిండు, ఖల్లాస్, అంటడు."

"ఓడిపోయారా మరి?"

"ఆఁ."

"న్యాయంగానేనా?"

"తెల్వది సార్."

"మళ్ళీ తెల్వదే. సరే, ఇది చెప్పు. ఎనభై నాలుగేళ్ళ మనిషి. చెంచా పట్టుకుంటే సూప్ ఒంటిమీద పోసుకుంటాడు. ఎనభై కిలోల నిన్ను వీపు మీదుగా ఎలా విసిరాడు?"

"బలమున్నోడు."

"చెంచా ఎత్తలేని బలమా?"

"సార్, ఒకటి అడుగుత. చేతుల చెయ్యేసి మాట ఇచ్చిన, ఎవ్వలకూ చెప్ప అని. చెప్పితే పాపమా?"

"ఎవరికిచ్చావు?"

"ముందు చెప్పుండ్రి."

"పాపమే అనుకుంటాను."

"చెప్పకుంటే, ఆ మాట తీసుకున్నోడే ఆగమైతడు. అప్పుడు?"

"అప్పుడు... ముప్ఫై ఏళ్ళుగా రోజూ సహస్రనామం చదువుతున్నాను తిరుమల్. నాకు తెలియటం లేదు."

"మీకే తెల్వకుంటే నేనేం జేద్దు?"

"ఆయన్నే అడిగాం పొద్దున. గురువారం సంగతి ఏమీ గుర్తు లేదు. నీ గది తలుపు తట్టి నిలబడుతున్నారట. ఎంతసేపైనా కదలటం లేదట."

"చాయ్ తాగిండా?"

"అది నేను అడగలేదు."

"అడగాలె సార్. నాలుగు దాటితే తాగడు."

"తిరుమల్, మొదటి గడిలో టిక్కు పెట్టేయనా? నీకు ఇద్దరు పిల్లలు."

"ఆగుండ్రి. పెట్టకుండ్రి. చెప్త... ఆ కుస్తీల ఎత్తేటోడు ఎత్తడు సార్. ఎగిరేటోడే ఎగురుతడు."

"అంటే?"

"ఎవలు గెలవాల్నో ముందే చెప్తరు. పడేటోడే అసలు పనోడు. ఎదుటోని బలమంత వీని కాళ్ళల్ల ఉంటది. మెడ ఇరగొద్దు, చూసేటోనికి ఇరిగినట్టే ఉండాలె. ఈ ముచ్చట పెండ్లాం పిల్లలకు సుత చెప్పొద్దని వాళ్ళ కట్టుబాటు. ఆయన చెప్పలే. కొడుకు నవ్వినా చెప్పలే. భార్య పోయేదాక ఆమెకూ చెప్పలే. నాకు చెప్పి, నా చెయ్యి పట్టుకొని మాట తీసుకున్నడు. ఇగో, మీకు చెప్పేసిన."

"అయితే ఆ బెల్టు కూడా..."

"కుస్తీలు పెట్టేటోళ్ళు పడుమన్నరు, పడ్డడు. డెనిస్ అని ఆయన దోస్తు. డెనిస్‌ను చూసెతందుకు జనం ఎక్కువొస్తరు, బెల్టు ఆయనకియ్యాలె అన్నరట. ఈయన ఎంత మంచిగ పడ్డడంటే, చచ్చిపోయిండనుకొని ఒక అవ్వ ఏడ్చిందట. అందరికన్న మంచిగ పడేటోడు సార్ ఆయన. ఎంతమందిని చాంపియన్లను చేసిండో!"

"తాను పడి."

"తాను పడి. ఆ దినం లోపల బట్టలు మార్చుకునేకాడ డెనిస్ కండ్లల్ల నీళ్ళు పెట్టుకున్నడట. 'ఆర్థర్, నీకు ఒక పడుడు బాకీ ఉన్న. వచ్చే ఏడు నీ ఊర్ల, నీవోళ్ళ ముంగట పడ్త' అన్నడట. ఆ చలికాలమే కారు బోల్తా కొట్టి పోయిండు."

"అయ్యో."

"ఏడేండ్ల సంది చూస్తున్న. నాలుగు కొట్టంగనే పెద్దాయన తలుపు దిక్కు తిరిగి కూసుంటడు. డెనిస్ వచ్చిండా? అంటడు. రాలే అంటే చాయ్ పక్కకు జరుపుతడు. చచ్చిపోయిండు సార్ అని ఒకసారి చెప్పిన. అప్పుడే ఇన్నట్టు ఏడ్చిండు. మళ్ళ ఎన్నడూ చెప్పలే."

"గురువారం ఏం చేశావు?"

"ఇంకొన్ని నెలలైతే ఆ పేరు గూడ మర్చిపోతడని డాక్టర్ చెప్పిండు. మర్చిపోకముందే అనుకున్న. డెనిస్ వచ్చిండా? అన్నడు. నేనే డెనిస్‌ను, వచ్చిన అన్న. లేచి నిలబడ్డడు సార్! కట్టె లేకుంట. నడుము నిటారుగ. నా చెయ్యి పట్టుకున్నడు, చంటిపిల్లను పట్టుకున్నట్టు. నేను ఎగిరిన. ఎగురుడు వచ్చింది గని, పడుడు రాలే. ఆయన లెక్క నాకెట్ల వస్తది?"

"ఎందుకయ్యా ఇలాంటి పని..."

"చాయ్ తాగిండు సార్ ఆ పొద్దు. అంబులెన్సు వచ్చేదాక నా పక్కన నేల మీద కూసోని, మొత్తం తాగిండు."

"తిరుమల్, ఇది రాస్తే రెండో గడిలోకి పోతుంది."

"ఎరుకే."

"ఈ భుజంతో నిన్ను బిర్కత్ అల్ అవామిర్ కూలీల క్యాంపులో కూడా ఎవరూ తీసుకోరు."

"ఎరుకే సార్."

"రాసినా ఆయన్ని ఇక్కడ ఉంచుతారని చెప్పలేను. టికెట్ కొనేశారు. నా చేతుల్లో ఏమీ లేదు. నేను రాసేవాణ్ణి, అంతే."

"మీరేం జేస్తరు, పాపం."

"మీ ఆవిడ స్వర్ణకి ఏం చెప్తావు?"

"దుబాయ్ అయిపోయిందని చెప్త. దోహా అయినా ఏదైనా, ఆమెకు అంత దుబాయే."

"మరి ఎందుకు రాయమంటున్నావు? నీకు లాభం లేదు, ఆయనకీ లేదు."

"ఆయన కొడుకు చదువుతడు కద సార్. మీ నాన్న ఎవలనీ కొట్టలే అని రాయుండ్రి. యాభై రెండేండ్ల కింద ఓడిపోలే అని రాయుండ్రి. డెనిస్ బాకీ ఉన్న ఆ ఒక్క పడుడు మొన్న గురువారం నాలుగు గంటలకు ఆయనకు ముట్టిందని రాసి, ఇచ్చినోని కాడ నా పేరు పెట్టుండ్రి."