దేవుడి గూట్లో బంతి

“ఆంటీ, దేవుడి గూట్లో ఆ ఫుట్‌బాల్ ఏంటి? దానికి బొట్టు కూడా పెట్టారు?”

ఓ, అదా. కూర్చో శ్రావ్యా, చెప్తాను. ముందా కాఫీ తాగు, చల్లారిపోతోంది. ఫోనెందుకలా పెట్టావు, రికార్డింగా? సరే పెట్టుకో, నా గొంతు అంత బాగుండదు మరి. ఇందాక గుమ్మంలోంచే మొదలుపెట్టావే, ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లకి నీ పనంతా నేర్పించమన్నారు, నేర్పిస్తే రేపు నా సీటుకే ఎసరని... దానికీ ఇందులోనే జవాబుంది. ఆగు.

మీ అంకుల్ కార్ల ఫ్యాక్టరీలో రిటైరయ్యాక బేస్‌మెంట్ అద్దెకిచ్చాం. కెనడా వచ్చి ఈ కేంబ్రిడ్జ్‌లో ఇల్లు కొన్నప్పుడు చూడాలి, కరివేపాకు కావాలంటే 401 హైవే ఎక్కి మిస్సిసాగా దాకా పోవాల్సిందే. గుప్పెడు ఆకు కోసం అంత పెట్రోలా అని ఆయన సణుగుడు. ఏం చెప్తున్నాను... ఆఁ, బేస్‌మెంట్. అందులోకి వచ్చాడు డెస్మండ్. ఫుట్‌బాల్ ప్లేయరంటే గుమ్మం పట్టనంత ఉంటాడనుకున్నా. చూస్తే మా పెద్దమ్మ కొడుకు సుబ్బారావులా సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. సుబ్బారావు తెనాల్లో బస్సు వెంట పరిగెత్తి ఎక్కేవాడులే, ఎప్పుడూ స్టాపులో ఎక్కింది లేదు.

ఇక్కడి ఫుట్‌బాల్ మనం అనుకునేది కాదు, చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆట. డెస్మండ్‌ది కార్నర్‌బ్యాక్ పని, మూల కాపలా అనుకో. అంటే ఏం లేదు, ఎదుటి టీమ్‌లో బంతి అందుకోవడానికి ఒకడు పరిగెత్తుకొస్తాడు. వీడు వాడి మొహం చూస్తూ, వెనక్కి వెనక్కి పరిగెత్తి, బంతి అందకుండా చెయ్యాలి. ముందుకి పరిగెత్తడానికే మనకి ఆయాసం, వీళ్ళు వెనక్కి!

ఒక ఏడు పాపం వాడికి అన్నీ దెబ్బలే. మోకాలు మానిందంటే భుజం. ఇది దిష్టి తప్ప ఇంకోటి కాదని, మ్యాచ్ రోజు పొద్దున వంటింట్లో స్టూలు మీద కూర్చోబెట్టి, ఉప్పూ ఎండుమిరపకాయలూ గుప్పిట పట్టి, ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి అని చుట్టూ తిప్పి, తూ తూ అనమన్నాను. నవ్వుతూనే అన్నాడు. మా అమ్మయితే తీసుకెళ్ళి పొయ్యిలో పడేసేది. నాకేమో కరెంటు స్టవ్వాయె. ఇనప మూకుడు కాల్చి అందులో వేశాను. ఇంకేముంది, పొగకి అలారం మోగింది. మీ అంకుల్ తువ్వాలు పట్టుకుని కుర్చీ ఎక్కి విసురుతున్నారు, ఈలోపు పక్కింటివాళ్ళు ఫోన్ చేసేశారు, ఫైరింజన్ వచ్చేసింది. ఏం వండుతున్నారమ్మా అని వాళ్ళు అడిగితే ఏం చెప్పను? చట్నీ అన్నాను. డెస్మండ్ కింద కూర్చుని కడుపు పట్టుకుని నవ్వాడు.

కానీ ఆ రోజు వాడు బ్రహ్మాండంగా ఆడాడు. దాంతో అలవాటైపోయింది, ఇక్కడ మ్యాచంటే స్టూలు మీద కూర్చుని తయారు. మూకుడు మాత్రం పెరట్లో బార్బిక్యూ మీదికి మారింది. మీ అంకుల్ షరతు.

నిరుడు రెండో గదిలోకి ఇమ్మానుయేలు దిగాడు. ఆ పేరు నాకు కొత్తేం కాదు, మా గుంటూరు జిల్లాలో వీధికో ఇమ్మానుయేలు ఉంటాడు. వీడు ఇక్కడి బ్రాంప్టన్ కుర్రాడు, కాలేజీలోంచి అప్పుడే డెస్మండ్ టీమ్‌లోకి వచ్చాడు. ఏం ఆడతావు బాబూ అంటే, కార్నర్‌బ్యాక్ అన్నాడు. నా చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. ఎందుకంటే ఆ మూల ఆడేది ఒక్కడేనమ్మా. రెండోవాడు గీత బయట నుంచుని చూడాల్సిందే. డెస్మండ్‌కి ముప్ఫై దాటాయి. వీడు చూస్తే లేడిపిల్ల. అదే టేబుల్ దగ్గర ఇద్దరూ నా చేతి పప్పన్నమే తింటున్నారు.

సాయంత్రమైతే పెరట్లో ఇద్దరూ నా బెండమొక్కల మధ్య వెనక్కి పరుగులు. నేర్పించేది ఎవరనుకున్నావు? డెస్మండే. ఎదుటివాడి కళ్ళు చూడకు, మోసం చేస్తాయి, నడుం చూడు, అది ఎటు తిరిగితే మనిషి అటే పోతాడు అని చెప్పేవాడు. ఆ గుట్టంతా వాడు దెబ్బలు తిని నేర్చుకున్నది, తెలుసా? నేను ఉండబట్టలేక ఒకరోజు అడిగేశాను. ఏరా, నీ కంచంలోది తీసి వాడికి పెడుతున్నావు, నీకు మతుందా అని.

వాడు గిన్నెలు తుడుస్తూ అన్నాడూ, ఆంటీ, నాకు తెలిసింది నా దగ్గరే దాచుకుంటే నా కాళ్ళేమన్నా కుర్రకాళ్ళవుతాయా? వాడు తప్పు చేస్తే ఓడిపోయేది నా టీమే కదా అని. నాకు అప్పుడు మనసొప్పలేదు. నిజం చెప్పనా, ఇప్పటికీ అప్పుడప్పుడూ ఒప్పదు. నేను వాడి పక్షం మరి.

ఇక ఇమ్మానుయేలు. మ్యాచ్ రోజు పొద్దున డెస్మండ్ స్టూలెక్కగానే వీడొచ్చి వంటింటి గుమ్మంలో నుంచునేవాడు. ఆంటీ, నాకూ అదొకటి చెయ్యరా అని. మిరపకాయలు అయిపోయాయని ఒకసారి, బొగ్గుల్లేవని ఒకసారి తప్పించుకున్నాను. ఆ బార్బిక్యూ గ్యాసుది, అదీ వాడికి తెలుసు. మరి నేనేం చెయ్యను? ఇద్దరూ ఒక్క చోటు కోసమే చూస్తున్నారు. ఇద్దరికీ తీస్తే దేవుడు ఎవరి మాట వింటాడు? ఆయన్ని ఇబ్బంది పెట్టడం దేనికని.

వేసవి చివర్లో ఒక మ్యాచ్. పొద్దున ఉప్పూ మిరపకాయలూ పట్టుకొచ్చాను. డెస్మండ్ వచ్చాడు, స్టూలు మీద కూర్చోలేదు. గుమ్మంలో ఉన్నవాణ్ణి భుజం పట్టి లాక్కొచ్చి కూర్చోబెట్టాడు. ఇవాళ వీడికి తియ్యండి ఆంటీ, మొదటి నించీ వీడే ఆడతాడు, నిన్న కోచ్ చెప్పాడు అన్నాడు. మామూలుగానే అన్నాడు, ఉప్పు అందుకో అన్నట్టు. ఇమ్మానుయేలు తల ఎత్తలేదు. నాకు ఏడుపొచ్చేసింది. ఎన్నేళ్ళుగానో ఆ మూల కాపలా కాసినవాడమ్మా వాడు.

అప్పుడు మా అమ్మ గుర్తొచ్చింది. సినిమాకెళ్ళొస్తే మా ఐదుగురినీ వరసగా కూర్చోబెట్టి ఒక్క గుప్పిటతోనే తీసేసేది. ఒకరికి తీస్తే ఇంకొకరికి తగ్గిపోతుందని ఆవిడ ఎప్పుడన్నా అనుకుందా? ఆ మాత్రం నాకు తట్టలేదు చూడు. ఇంకో స్టూలు తెమ్మన్నాను. ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి, గుప్పిట నిండా ఎక్కువే పట్టుకుని తిప్పాను. బార్బిక్యూ మీద వేస్తే, ఇంత ఘాటు కూడా లేదు. ఒక్కరూ తుమ్మలేదు. అంత దిష్టి ఉందన్నమాట ఇద్దరి మీదా.

మ్యాచ్‌కి నేనూ అంకులూ వెళ్ళాం, దుప్పటి కప్పుకుని కూర్చున్నాం. మొదట్లోనే ఇమ్మానుయేలుని ఒకడు బురిడీ కొట్టించి, బంతి పట్టుకుని చివరి గీత దాటేశాడు. జనమంతా ఉసూరుమన్నారు. ఇంక డెస్మండ్‌నే దింపుతారనుకున్నా. దింపలేదు. తన వంతయ్యి ఇమ్మానుయేలు బయటికి రాగానే డెస్మండ్ వెళ్ళి, మెడ మీద చెయ్యేసి, రెండో చేత్తో తన నడుం మీద తట్టి చూపిస్తున్నాడు. మా పెరట్లో చెప్పిన పాఠమే! నేను లేచి, అదే రా, నడుం చూడు అని అరిచాను. ముందు వరసలోవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు, మీ అంకుల్ నన్ను ఎరగనట్టు మొహం పెట్టారు.

ఆఖర్లో మళ్ళీ అదే మనిషి, అదే మోసం. ఈసారి వీడు కదల్లేదు. చూశాడు, వాడికంటే ముందు తిరిగాడు, బంతి వీడి చేతుల్లో పడింది. స్టేడియం లేచిపోయింది. వీడు మాత్రం ఎవరి దగ్గరా ఆగకుండా తిన్నగా గీత బయటికి పరిగెత్తి, బంతి డెస్మండ్ చేతిలో పెట్టాడు.

ఇంటికొచ్చాక డెస్మండ్ దాన్ని గ్రోసరీ సంచిలోంచి తీసి నా వంటింటి గట్టు మీద పెట్టాడు. మిరపకాయల వాటా, ఆంటీ అన్నాడు. ఇంకెక్కడ పెట్టను, గూట్లోనే పెట్టాను.

ఇప్పుడు డెస్మండ్ అదే టీమ్‌లో కుర్రాళ్ళకి నేర్పిస్తున్నాడు. బాధ లేదా అంటే ఉంది, మ్యాచ్ రోజు పొద్దున్నే కాళ్ళు దురదపెడతాయంటాడు. అయినా వచ్చి స్టూలెక్కుతాడు. మొన్న ఇమ్మానుయేలు ఒక కొత్త కుర్రాణ్ణి వెంటబెట్టుకొచ్చాడు. ఎవడ్రా అంటే, నా చోటుకే వచ్చాడు ఆంటీ, వీడికీ తియ్యండి అన్నాడు. మూడో స్టూలు కొనాల్సొచ్చింది.

అదీ సంగతి. ఏవిటీ, కళ్ళు తుడుచుకుంటున్నావు? మిరపకాయలు ఇంకా తియ్యనే లేదు. రా, ఇలా వచ్చి కూర్చో. నిన్ను చూస్తే నాలుగు రోజుల్నించీ నిద్ర లేనట్టుంది. చల్లగా ఉండు తల్లీ, నీకొచ్చిన పని ఎక్కడికీ పోదు. వచ్చే ఆదివారం ఆ కొత్త పిల్లని కూడా తీసుకురా. స్టూలుందిగా.