జంపక్క మాత్ర, శ్యామల గారి సందేహం

1979 జూలై రెండవ తేదీన డాక్టర్ శ్యామల గారు ఖమ్మంలోని మన దవాఖానాలో మానసిక వైద్యురాలిగా బాధ్యతలు స్వీకరించిన నాడు ఆ విభాగానికి ఉన్నవి ఒక గది, రెండు కుర్చీలు, తాళం పడని ఒక బీరువా. రోగులు మాత్రం లేరు, ఆ గడప తొక్కితే పిచ్చివారన్న ముద్ర పడుతుందని జనానికి భయం. ఆమె నొచ్చుకోలేదు. మందులిచ్చే కిటికీ పక్కన కుర్చీ వేయించుకుని, వచ్చేపోయేవారిని పలకరిస్తూ కూర్చున్నారు. ఏడాది తిరిగేసరికి కుర్చీలు చాలలేదు.

విభాగాధిపతి పదవిని అలంకరించిన తరువాత కూడా వారిని వదలని జిజ్ఞాస ఒక్కటే: ఒకే దిగులుకు ఒకే మాత్ర ఇస్తే ఒకరు లేచి తిరుగుతారు, మరొకరు మంచం దిగరు, ఎందుకని? ఈ ప్రశ్నతో వారు మా అందరి ప్రాణం తోడేసిన మాట నిజం.

2003 జనవరిలో భద్రాచలం అడవి అంచు గూడేల రోగులతో అధ్యయనం ఆరంభించారు. వారిలో జంపక్క ఒకరు. కాన్పులో బిడ్డ పోయిన నాటి నుండి అన్నం సహించని మనిషి. ఆరు వారాలు మందిచ్చినా, మోతాదు పెంచినా గుణం కనబడలేదు. రోజూ వేస్తున్నావా అని భర్త బొజ్జయ్యను అడిగితే, "అవ్ మేడం, ఒక్క పూట గూడ తప్పలే" అనేవాడు. అతడు అబద్ధమాడే మనిషి కాడు. ఇటు చూస్తే జంపక్క ఎముకల గూడైపోతోంది. పట్టికలో ఆమె పేరు ఎదుట 'స్పందన లేదు' అని రాస్తే ఆ మందు ఆపేయవలసిందే. శ్యామల గారు కలం మూసి జీపెక్కారు.

గూడెంలో వారు చూస్తుండగానే బొజ్జయ్య మాత్రను కత్తితో నాలుగు ముక్కలు చేశాడు. తల్లికి, తమ్ముడికి, మరదలికి తలా ఒకటి పెట్టి, నాలుగోది భార్య నోట్లో వేశాడు.

"ఏందయ్యా గిది?"

"మంచి మందంటిరి గద మేడం! అడవిల జరంత తేనె దొరికినా ఇంటిల్లిపాది పంచుకుంటం. ఇదొక్కతే తింటే కడమోళ్ల మొకం ఎట్ల సూడాలె?"

కోపం రావలసిన చోట శ్యామల గారికి నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే కళ్లు చెమర్చాయి. ముందు ఆ ముగ్గురినీ పరీక్షించి, ప్రమాదమేమీ లేదని తేల్చుకున్నారు. పంచవద్దంటే ఆ ఇంట చెల్లదని గ్రహించి, ఉట్టిలోని బెల్లం తీయించారు.

"రోజు అందరిని కూసోబెట్టు బొజ్జయ్యా. మీకు తలో బెల్లం ముక్క, ఆమెకు నిండు మాత్ర. ఎవరి వాటా వాళ్లదే, సరేనా?"

"గట్లయితే సరే."

అయిదో వారం జంపక్క తానే గంజి అడిగింది. ఎనిమిదో వారం తునికాకు కోతకు పోయింది!

హైదరాబాదు సదస్సులో వారు తమ పొరపాటునే ముందుగా విన్నవించారు: "మందు పనిచేయలేదని రాయబోయాను, అసలు మందు ఆమెకు చేరనే లేదు." నాటి నుండి, రోగి ఇల్లు చూడనిదే 'స్పందన లేదు' అని రాయకూడదన్నది మన విభాగంలో నియమమైంది. జీపు డ్రైవర్ రాంబాబు నడుము నొప్పి ఆనాడు మొదలైనదే.

ముప్పది వసంతాల సేవను ముగించి 2009 జూన్ 30న విరమిస్తున్న శ్యామల గారికి ఆయురారోగ్యాలు కలగాలని కోరుతూ ఈ సంచికకు ఎందరో శుభాకాంక్షలు పంపారు. జంపక్క చెప్పి రాయించిన మాటను మాత్రం దిద్దకుండా అచ్చు వేస్తున్నాము:

"నాకప్పుడు సావాలనే ఉండె. మేడం నూరేండ్లు బతకాలె. అది సూసేదాంక నేను గూడ బతుకుత."