ఎన్నికల రోజున సైకిలు బెల్లు

మోగించానని ఎవరన్నారయ్యా? మోగింది. అంతే. మోగించడం వేరు, మోగడం వేరు. పోలీసువి, ఆ మాత్రం తేడా నీకే తెలియకపోతే ఎలా?

ఇరవయ్యేళ్ళుగా ఈ సైకిలు మీదే రొట్టెలమ్ముతున్నాను. ఈ బొటనవేలు చూడు, ఎప్పుడూ ఇలా వంగే ఉంటుంది. నిద్రలో మా ఆవిడ మోచెయ్యి నొక్కుతానట. మోగదు కాబట్టి సరిపోయింది కానీ, మోగితే మొత్తం వీధి లేచి రొట్టెల కోసం గిన్నెలు పట్టుకొచ్చేది.

సరే, తప్పే. ఓట్ల రోజున బడి దరిదాపులకి బెల్లున్న సైకిలు తేకూడదు. గాంబియాలో పుట్టినవాడికి ఇది కూడా ఒకరు చెప్పాలా? మన ఓటు గోళీయేగా, కావలసినవాడి రంగు పీపాలో పడితే లోపల గంట టింగుమంటుంది. మనిషికి ఒక్క టింగు. రెండోది వినబడిందా, దొంగ ఓటు. ఏజెంట్లు ముగ్గురూ గోడకి చెవులానించి కూర్చున్నచోట నా సైకిలు టింగుమంటే వాళ్ళ గుండెలు ఆగవూ? ఆగుతాయి. ఒప్పుకుంటున్నాను. కానీ యాందెకి మోకాళ్ళు వాచి ఉన్నాయయ్యా. వెనక క్యారియరు మీద కూర్చోబెట్టుకుని తేక, పెళ్ళాన్ని రొట్టెల బుట్టలా నెత్తిన పెట్టుకు తెమ్మంటావా?

నవ్వు, నవ్వు. ఆపుకోకు. నీ ఇంటిపేరు సాన్యాంగ్, జోలా తెగవాడివి. నేను సెరేరు తెగవాణ్ణి. మీరు మా బానిసలని మా తాత చెప్పాడు. మేమే మీ బానిసలమని మీ తాత చెప్పి ఉంటాడు. ఇద్దరూ పోయారు, తేలలేదు. ఈ వేళాకోళానికి కోపం తెచ్చుకున్నావంటే మీవాళ్ళే నీకు అన్నం పెట్టరు. అందుకే బావమరిదీ అంటున్నాను. ఏం చేస్తావో చేసుకో.

ఈ టీ నువ్వే కాచావా? పాపం, మీవాళ్ళకి నేర్పేవాళ్ళు లేరు. చక్కెర వెయ్యి. ఇంకా వెయ్యి. గవర్నమెంటు చక్కెరేగా.

నా బాధల్లా ఒక్కటే. నా వేలికింకా సిరా పడలేదు. ఐదింటికి తలుపులు మూసేస్తారు. లోపల ఆఫీసరేమో 'చూద్దాం, చూద్దాం' అంటున్నాడు. బెల్లు ఊడదీసి జేబులో వేసుకున్నావు, బాగానే ఉంది. ఇక నన్ను కూడా ఈ మామిడిచెట్టు కిందే వదిలేశావనుకో, రేపు ఏ గుమ్మం ముందు ఆగినా, రొట్టెల వాలీ ఓటెయ్యకుండా పట్టుబడ్డాడట కదా అంటారు. రొట్టె కొనరు, కథే అడుగుతారు.

ఎవరికి వేస్తావని అడగవేం? అడక్కూడదు, రూలు. మంచిది, అడక్కు. నేను చెట్టుకి చెప్పుకుంటున్నాను. నువ్వు పక్కనున్నావంతే.

నారింజ పీపా ఆయన ఉన్నాడు చూడు, పెద్ద చదువు చదివాడు. మా ఊరికి కారులో వచ్చాడు. అద్దం ఇంత దించాడు. నేను మర్యాదగా పలకరింపు మొదలుపెట్టాను. ఇంట్లోవాళ్ళు ఎలా ఉన్నారు? శాంతిగా ఉన్నారు. పిల్లలు ఎలా ఉన్నారు? అప్పుడే అద్దం పైకి వెళ్ళిపోయింది! ఇంకా మేకల దాకా రానేలేదయ్యా! మేకల సంగతి వినే ఓపిక లేనివాడు దేశం సంగతి ఏం వింటాడు? కొట్టేశాను.

గులాబీ పీపా ఆయన మంచివాడు. బనీన్లు పంచాడు. గుండె మీద ఆయన మొహం, ఇంత పెద్దది, నవ్వుతూ. ఒక్క ఉతుక్కి బనీను కుంచించుకుపోయి మొహం కోలగా సాగి, కళ్ళు చంకల్లోకి వెళ్ళాయి. అది వేసుకునే ఇంట్లో చేపలకి పొగబెడుతున్నాను. ఆయన్ని నేనేమీ అనను. మాట్లాడతాడయ్యా! పొద్దు వాలేదాకా మాట్లాడాడు. మాట్లాడేవాళ్ళంటే నాకిష్టమే, నీకు తెలుస్తూనే ఉంది కదా.

అప్పుడే యాందె లేచింది. ఆడవాళ్ళ వరి మళ్ళల్లోకి ఏటి నుంచి ఉప్పునీళ్ళు ఎక్కుతున్నాయి, నేలంతా చౌడు తేలింది, వాళ్ళమ్మ చేసిన మడిలో ఈ ఏడు ఒక్క గింజ కూడా పాలుపోసుకోలేదు, కరకట్ట వేసి తూము పెట్టిస్తావా, అని అడిగింది. అంతే, ఇంకేం అడగలేదు. ఆయన ఏమన్నాడు? స్టేడియం కట్టిస్తానన్నాడు.

స్టేడియం! మడిలోనా, మడి పక్కనా? అది చెప్పలేదు.

మట్టిరంగు పీపా ఆయనకీ ఇదే చెప్పింది. ఆయన విన్నాడు. పూర్తిగా విన్నాడు, మేకలతో సహా. విని ఏడ్చాడు. నాకు గుండె కరిగిపోయింది, ఈయనకే వేద్దామనుకున్నాను. మర్నాడు రొట్టెలేసుకుని పక్క ఊరు వెళ్తే అక్కడా ఏడ్చి వెళ్ళాడట, బావి గురించి. ఆ పై ఊళ్ళో ఫెర్రీ గురించి. యాందెకి చెబితే ఏమందో తెలుసా? ఆ నీళ్ళు కూడా ఉప్పవేగా, ఉన్నది చాలదా, అంది.

ఇదీ సంగతి. మీ వూళ్ళో ఎలా ఉంది? మీకూ ఉప్పునీళ్ళేనా? చెప్పకులే, డ్యూటీలో ఉన్నావు.

ఏంటీ?

మా ఆవిడ లోపలున్నప్పుడు టింగు వినబడలేదా? ఎవరన్నారు? గులాబీ ఏజెంటా? వాడికి వాళ్ళావిడ అన్నానికి పిలిస్తేనే వినబడదు. మిగతా ఇద్దరూ కూడా అన్నారా? ముగ్గురూ ఒక్క మాట మీదున్నారా? అయితే దేశం బాగుపడుతుందయ్యా!

ఆవిడ బయటికొచ్చాక మోగిందంటున్నారా. అవును మరి, చెప్పానుగా, బొటనవేలు. అలవాటు.

అలా చూడకు. జోలావాడి చూపు నాకు పడదు.

అదుగో, ఆఫీసరు చెయ్యి ఊపుతున్నాడు. నన్నేనా? రమ్మంటున్నాడా? ఓటెయ్యనిస్తాడట! చూశావా, పెద్దమనిషి. లేస్తున్నాను, లేస్తున్నాను. తొందరేముంది, ఐదు కాలేదుగా.

ఒక్క నిమిషం కూర్చో, బావమరిదీ.

సాయంత్రం పీపాలు తెరిచి గోళీలు గుంటల పళ్ళేల్లో పోసి లెక్కపెడతారు కదా. సిరా పడ్డ వేళ్ళకంటే గోళీలు ఒకటి తక్కువొస్తే ఏమవుతుంది? ఊరికే అడుగుతున్నాను. ఏజెంట్లు కొట్టుకుంటారా? ఈ బడిలో పడ్డ ఓట్లన్నీ చెల్లవంటారా? పొద్దున్నుంచీ ఎండలో నిలబడ్డవాళ్ళందరివీనా?

అదే అనుకున్నాను.

మరి గోళీ బయటికి తెచ్చినవాళ్ళని ఏం చేస్తారు? మోకాళ్ళు వాచినవాళ్ళనైనా సరేనా?

అది అలవాటు కాదయ్యా. నేనే మోగించాను. ఆవిడ లోపలికెళ్ళింది, వరసంతా చెవులు రిక్కించింది. ఎంతసేపటికీ టింగు లేదు. దగ్గే పిల్లలు కూడా దగ్గడం మానేశారు. తెర తీసుకుని కుంటుకుంటూ వస్తోంది, ఊరంతా ఆవిడ మొహంలోకే చూస్తోంది. అంత నిశ్శబ్దంలో దాన్ని ఒక్కదాన్నీ అలా నడవనివ్వలేకపోయాను. నా దగ్గర ఇంకేముంది? బెల్లుంది. నొక్కాను. కాస్త ముందే నొక్కాల్సింది.

లోపల ఏం చేశావే, అని చెవిలో అడిగాను. మూడు పీపాల మీదా ముగ్గురి ఫోటోలున్నాయిగా. ఒక్కొక్కరి ముందూ నిలబడి తూము సంగతి మళ్ళీ అడిగిందట. ఫోటోలు ఏం చెప్పాయే, అన్నాను. మనుషులు చెప్పినంతా చెప్పాయి, అంది.

అని తలగుడ్డ ముడి విప్పి, ఇదిగో, ఇది నా అరచేతిలో పెట్టింది. పొద్దున్నుంచీ వాడిలా వీడిలా అని నా చెవులు తినేశావు, నీకన్నీ తెలుసుగా, నాదీ నువ్వే వెయ్యి, అంది. వెళ్ళి ఆ గోడవారన కూర్చుంది. అదుగో, మనవైపు చూడటం లేదు.

పట్టుకో. ఇంకా వెచ్చగానే ఉంది కదూ? ఆఫీసరుకి ఇవ్వు. నేలమీద దొరికిందను. అబద్ధమంటావా? ఇవ్వడం వేరు, దొరకడం వేరు. నీకు దొరికింది, అంతే. ఆవిడ పేరెత్తావో, నీ టీ ఎలా ఉందో ఈ జిల్లా అంతా గుమ్మం గుమ్మానికీ చెప్పుకొస్తాను.

నా సంగతా? నాకు తెలీదయ్యా. ముగ్గురి గురించీ ఇంత చెప్పానా, నీకేమైనా తేలిందా? నాకూ అంతే. రెండు గోళీలు వెయ్యమంటే తెలిసింది, ఒక్కటెయ్యడానికే ఎవరూ లేరని.

వెళ్తున్నాను. సిరా వేయించుకుంటాను, గోళీ తీసుకుంటాను, తెర వెనక్కి వెళ్తాను. నువ్వు ఓ చెవి ఇటు పెట్టి ఉంచు. టింగుమందా, సరే.

మోగలేదనుకో, ఆ జేబులో చెయ్యి పెట్టు. నా బెల్లు నీ దగ్గరేగా ఉంది.