సూరపరాజు మూడు నిమిషాల తోడి

సూరపరాజని ఒకడుండేవోడంట మా లంకలో. మనిషి సన్నం, గొంతు మాత్రం గోదారంత. పన్నెండేళ్లు అప్పలాచార్యులుగారి దగ్గర సంగీతం నేర్చుకున్నాడనుకో. ఆచార్యులుగారంటే ఎవరనుకున్నారు, ఆయన తోడి రాగం ఎత్తుకున్నారంటే, అప్పుడు ఎసట్లో బియ్యం పోసిన ఆడమనిషి అన్నం వార్చి, పిల్లలకి పెట్టి, అంట్లు తోముకుని వచ్చినా ఆయన ఇంకా రాగంలోనే ఉండేవోరంట. ఆయనదో పద్ధతి. తోడి పూర్తిగా పాడి, ఆయన నోటితో 'వచ్చింది' అనిపించుకుంటేనే శిష్యుడు. అప్పటిదాకా ఆయన పేరు ఎక్కడా చెప్పుకోకూడదు. పన్నెండేళ్లయినా మనోడికి ఆ ఒక్క మాట దక్కలేదు. ఇంకా రావాలి అనేవోరంట, అంతే.

ఈలోగా ఏమైందంటే, మద్రాసు నుంచి సినిమావోళ్లొచ్చారు. ఆ రోజుల్లో వేషం కట్టినోడే పాటా పాడాలి మరి. గొంతు విన్నారు, మొహం చూశారు, మొహానిదేముంది రంగు పూసేస్తాం అని రైలెక్కించేశారంట. అక్కడ మొదటిరోజే మనోడు కళ్లు మూసుకుని రాగం ఎత్తుకున్నాడు. ఆపించేశారు. ఇదిగో అబ్బాయ్, గ్రామఫోను ప్లేటు మీద మూడు నిమిషాలే పడుతుంది, ఎర్రలైటు వెలిగేసరికి పాట అయిపోవాలి, అయిపోయాక కెమెరా ఉన్న కుడిపక్కకి తిరిగి నవ్వాలి అన్నారంట. ఆ రోజు అన్నం ముట్టలేదంట పాపం. తరవాత అలవాటైపోయింది. రాజు వేషం ఇస్తే పాడాడు, బిచ్చగాడి వేషం ఇస్తే పాడాడు. ఇల్లంటుకుంటే ముందు పాట పాడి, అప్పుడు నీళ్లకి పరిగెత్తాడు. పులెదురొచ్చినా పాడాడంట, పాటయ్యేదాకా పులి కూడా ఆగిందంట, మనకంటే మర్యాద తెలిసిన పులి అది. జనం విరగబడి చూశారు. పదేళ్లు తిరిగేసరికి కారు, మేడ, అన్నీ వచ్చాయి. ఎవరైనా మీ గురువుగారెవరండీ అని అడిగితే మాత్రం తల దించుకునేవోడంట.

ఆచార్యులుగారు బాగా పెద్దవారైపోయారని తెలిసి ఇంక ఆగలేక ఊరొచ్చేశాడు. తోడి పాడతాను, ఒక్కసారి వినండి బాబూ అన్నాడు. సినిమా సూరపరాజొచ్చాడంటే ఊరుకుంటారా, చుట్టుపక్కల జనమంతా బళ్లు కట్టుకుని దిగిపోయారు. ఆచార్యులుగారి అరుగు మీద కూచుని ఎత్తుకున్నాడండీ, ముసలాయన కళ్లమ్మట నీళ్లు. సరిగ్గా మూడు నిమిషాలయ్యేసరికి గొంతు టక్కున ఆగిపోయింది, కుడిపక్కకి తిరిగి నవ్వాడు. జనం చప్పట్లు కొట్టి, అయిపోయిందనుకుని కారు చూడ్డానికి పోయారు. మా తాతొక్కడే మిగిలాడంట. సంగీతం మీద ప్రేమనుకునేరు, కాలు తిమ్మిరెక్కి లేవలేకపోయాడు.

ఆగావేంరా, రాగం ఇంకా గుమ్మం దగ్గరే ఉంది కదా అన్నారంట ఆచార్యులుగారు. మనోడు నోరు తెరిచాడు, గాలొచ్చింది గానీ గొంతు రాలేదు. రాగమంతా తెలుసు బాబూ, మూడు నిమిషాలు దాటితే ఛాతీ మూసుకుపోతోంది, ప్లేటు అయిపోయింది అన్నాడంట. అయిపోతే మీ మద్రాసోళ్లు ఏం చేస్తారు అనడిగారాయన. రెండోవైపుకి తిప్పుతారండీ అన్నాడు. ఓస్, అంతేనా అని ముసలాయన దగ్గరికి జరిగి, మనోడి గడ్డం పట్టుకుని మొహం ఎడంపక్కకి తిప్పారంట. తిప్పగానే ఆగిన చోటునుంచే అందుకున్నాడు! మూడు నిమిషాలకి మళ్లీ ఆగాడు, మళ్లీ కుడికి తిప్పారు. అలా తిప్పుతానే ఉన్నారు, రాగం మొత్తం అయ్యేదాకా.

అప్పుడన్నారంట, "వచ్చిందిరా సూరపా. అంతా వచ్చింది. ఇంక తిప్పుకోడం ఒక్కటీ నీ అంతట నీకు రావాలి." మనోడు ఆయన కాళ్ల మీద పడి ఏడ్చాడు. ఆ ఏడుపు మాత్రం మూడు నిమిషాలకి ఆగలేదని మా తాత చెప్పేవోడు.

మర్నాడే రైలెక్కి ఇంకో సినిమా ఒప్పుకున్నాడనుకో. మరేం చేస్తాడు, టిక్కెట్టు కొన్నది మనమేగా. నవ్వకండి. నేనీ కాస్త కథ చెప్పేలోపే మీలో ఇద్దరు బీడీకని లేచెళ్లిపోయారు, నేను చూళ్లేదనుకుంటున్నారు.